పొయ్యి మంట, మీటరు లెక్క

ద్వారకా తిరుమల చుట్టూ మెట్ట భూములు. ఎర్ర నేల. కొబ్బరి, జీడిమామిడి, పామాయిల్, మొక్కజొన్న, పొగాకు పండుతాయి. తాడేపల్లిగూడెం వైపు దిగితే కాలువలు, వరి చేలు. ఏలూరు దాటి ఇంకా కిందికి పోతే కొల్లేరు. ఆ మెట్టలో ఒక ఊరు. ఊరి పేరుతో మనకు పని లేదు. అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి.

ఆ ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. అత్తకు అరవై దాటాయి. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. మొదట్లో కూడబలుక్కుని చదివేది. ఇప్పుడు పొదుపు సంఘం లెక్కల పుస్తకం ఆమే రాస్తున్నది.

మే నెల. మిట్టమధ్యాహ్నం. కరెంటు రీడింగు తీసే అబ్బాయి వచ్చాడు. చిన్న మిషను నుంచి కాగితం చింపి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"ఎంతొచ్చిందే అమ్మాయ్?" అని అడిగింది అత్త.

"ఐదు వందలు దాటింది అత్తయ్యా."

"అయ్యబాబోయ్! మనింట్లో ఏముందని? రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఓ టీవీ, ఆ బుల్లి ఫ్రిజ్జు. ఏసీలు వేసుకున్నోళ్లకు రావాలి గానీ మనకెందుకొచ్చింది?"

కోడలు జవాబు చెప్పలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. అక్షరాలు తెలుస్తున్నాయి. అంకెలూ తెలుస్తున్నాయి. కానీ ఆ అంకెలు ఏం చెబుతున్నాయో తెలియడం లేదు. "ఈ రాత్రి సంఘంలో అందరం కూర్చుని చూద్దాం" అనుకున్నది. కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

అత్త పెరట్లోకి వెళ్లి పొయ్యి రాజేసింది. ఇంట్లో గ్యాసు ఉంది. అయినా నీళ్లు కాయడానికి, పప్పు ఉడకేయడానికి కట్టెల పొయ్యే. సిలిండరు రెండు నెలలు రావాలి గదా!

పొయ్యి మారిన సంగతి

అత్త కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో గేదెలు ఉండేవి. పిడకలు ఉండేవి. దాలిలో పిడకల సెగ మీద పాలు సాయంత్రం దాకా కాగేవి. ఎర్రగా మీగడ కట్టేది. అన్నం కట్టెల మీద వండేవారు. కొబ్బరి మట్టలు, తాటి మట్టలు, జీడిమామిడి కొమ్మలు, ఏది దొరికితే అది. కట్టెకు డబ్బు ఇచ్చి ఎరుగరు. కానీ కట్టె కోసం నడిచిన నడక ఎవరూ లెక్క పెట్టలేదు. అది ఆడవాళ్ల పని గదా, దానికి కూలి ఏమిటి అనుకున్నారు.

మెట్టలో కట్టెకు ఇంకొక గిరాకీ ఉంది. అది పొగాకు బ్యారన్. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వైపు వర్జీనియా పొగాకు వేస్తారు. పచ్చాకును బ్యారన్‌లో వేడి గాలితో పండించాలి. అందుకు టన్నుల కొద్దీ కట్టె కాలుతుంది. లారీల మీద కట్టె బ్యారన్‌కు పోతుంది. నెత్తి మీద మోపు మాత్రం వంటింటికి వస్తుంది. "చెట్లు నరికి అడవులు పాడు చేస్తున్నారు" అని మాట వచ్చినప్పుడు మాత్రం మోపు మోసే ఆడమనిషే అందరి కంటికీ కనబడుతుంది. ఆమె మోపు చాలావరకు ఎండు పుల్లలే.

కింద డెల్టాలో వంట ఇంకో రకం. అక్కడ ఊక పొయ్యి. తాడేపల్లిగూడెం చుట్టూ రైసు మిల్లులు ఎన్నో. వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. ఒకప్పుడు మిల్లు వెనక ఊక కొండలా పడి ఉండేది. ఆడవాళ్లు గోనెసంచితో వెళ్లి నింపుకుని వచ్చేవారు. ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. తీసుకుపోతే మిల్లు వాళ్లకూ మంచిదే.

తరువాత ఊకకు విలువ తెలిసింది. మిల్లుల బాయిలర్లలో కాల్చడం మొదలుపెట్టారు. ఇటుక బట్టీలకు కొన్నారు. 1990ల చివర, 2000ల మొదట్లో ఊకతో, పంట వ్యర్థాలతో కరెంటు తీసే ప్లాంట్లు రాష్ట్రంలో చాలాచోట్ల పెట్టారు. అది మంచి పనే. పారేసే ఊకతో కరెంటు వస్తే బొగ్గు ఆదా అవుతుంది. దీన్నే "హరిత విద్యుత్తు" అంటారు. అంటే పచ్చని కరెంటు. నేలకు, గాలికి తక్కువ చెరుపు చేసే కరెంటు అని అర్థం.

కానీ ఊకకు ధర పలికిన రోజు నుంచి ఉచితంగా తెచ్చుకునే గోనెసంచి ఆగిపోయింది. కరెంటు పచ్చనిదే. ఊక పోగొట్టుకున్న ఇంట్లో పొయ్యి సంగతి ఎవరు చూశారు? ఆ ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు.

పొగ సంగతి కూడా చెప్పుకోవాలి. కట్టెల పొయ్యి పొగ కళ్లకే గాక ఊపిరితిత్తులకూ చెరుపు చేస్తుంది. వంటింటి పొగ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు ముప్పై లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పొగ భారం ఆడవాళ్ల మీద, చిన్నపిల్లల మీద ఎక్కువ. పొయ్యి ముందు కూర్చునేది వారే గదా.

పొగ పోవడానికి ప్రభుత్వాలు ఏం చేశాయి? 1980లలో "పొగ రాని పొయ్యి" వచ్చింది. మట్టి పొయ్యికి గొట్టం పెట్టి పొగను కప్పు పైకి పంపేవారు. గొట్టంలో మసి పేరుకునేది. తుడిచేవారు లేరు. చాలా ఇళ్లలో ఏడాది రెండేళ్లకే మూలపడ్డాయి.

అదే కాలంలో గోబర్ గ్యాసు వచ్చింది. పేడ, నీళ్లు సమానంగా కలిపి తొట్టిలో పోస్తారు. గాలి తగలని గుంతలో అది పులుస్తుంది. గ్యాసు పైకి వస్తుంది. మిగిలిన పేడ చేనుకు మంచి ఎరువు. ఒక కుటుంబం వంటకు రోజుకు సుమారు యాభై కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు ఉండాలి. పెరడు ఉండాలి. రోజూ పేడ కలిపే మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో చెప్పనక్కరలేదు. పశువులు ఉన్న ఇంటికి ఇంతకన్న మంచి పొయ్యి లేదు. పశువులు లేని కూలి ఇంటికి మాత్రం ఆ పథకం చేరలేదు.

1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో "దీపం" పథకం వచ్చింది. డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్ ఇచ్చారు. డిపాజిట్టు ప్రభుత్వం కట్టింది. సిలిండరు ఇంటికి వచ్చింది. కానీ నింపించుకోవడానికి డబ్బు? అది ఇంటివారే కట్టుకోవాలి. చాలా ఇళ్లలో సిలిండరును చుట్టాలు వచ్చిన రోజు మాత్రం వెలిగించేవారు. మిగతా రోజుల్లో దాని మీద గుడ్డ కప్పి ఉంచేవారు. 2016లో కేంద్ర ప్రభుత్వం "ఉజ్వల" పథకం పెట్టింది. అందులోనూ ఇదే చిక్కు వచ్చింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో "దీపం-2" మొదలైంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. మొదట్లో ముందు డబ్బు కట్టి తీసుకోవాలి, తరువాత ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది అన్నారు. చేతిలో డబ్బు లేనివారికి ఆ "ముందు" అనే మాటే కష్టం.

గ్యాసు పొగ తక్కువ. కానీ అది భూమిలోంచి తీసేది. మన దేశం వాడే వంట గ్యాసులో పెద్ద భాగం ఓడల మీద గల్ఫ్ దేశాల నుంచి వస్తుంది. అక్కడ యుద్ధం వస్తే ఇక్కడ సిలిండరు ధర ఉలిక్కిపడుతుంది.

బిల్లు చదవడం

రాత్రి ఎనిమిది గంటలకు సంఘం కూర్చున్నది. పదిమంది వచ్చారు. అందరూ తమ తమ బిల్లులు తెచ్చుకున్నారు. కోడలు తన బిల్లు తీసి లైటు కిందికి జరిగింది.

"ముందు రెండు అంకెలు చూడండి" అన్నది. "ఒకటి పోయిన నెల రీడింగు. ఒకటి ఈ నెల రీడింగు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మనం వాడిన యూనిట్లు."

తీసివేశారు. ఆ ఇంట్లో 130 యూనిట్లు.

యూనిట్ అంటే ఏమిటి? వెయ్యి వాట్ల సామాను ఒక గంట నడిస్తే ఒక యూనిట్. బల్బు మీద, ఫ్యాను మీద వాట్లు రాసి ఉంటాయి. పాత 60 వాట్ల గుండు బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అంతే సేపు వెలిగితే నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. 2014, 2015లలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు పది రూపాయల చొప్పున ఇచ్చారు. సంఘంలో చాలామందికి అది గుర్తుంది.

ఇక యూనిట్ ధర. అందరికీ ఒకే ధర కాదు. వాడకం పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు 2022లో పెట్టిన ధరలు ఇలా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు ఒక్కొక్కదానికి 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా 4 రూపాయల 50 పైసలు. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. ఆ పైన ఇంకా ఎక్కువ.

కోడలు బలపం తీసుకుని నేల మీద లెక్క వేసింది. మీరూ వేయండి.

మొదటి 30 యూనిట్లకు 57 రూపాయలు.
తరువాతి 45 యూనిట్లకు 135 రూపాయలు.
తరువాతి 50 యూనిట్లకు 225 రూపాయలు.
చివరి 5 యూనిట్లకు 30 రూపాయలు.
మొత్తం 447 రూపాయలు.

"మరి ఐదు వందలు పైగా ఎందుకైంది వదినా?" అని అడిగింది చివరింటి ఆమె.

కింద ఇంకా కొన్ని గీతలు ఉన్నాయి. ఒకటి స్థిర చార్జీ. ఒకటి సుంకం. ఇంకొకటి ఇంధన సర్దుబాటు చార్జీ. కోడలు ఆ మాట రెండుసార్లు చదివింది. ఇంధనం అంటే బొగ్గు, గ్యాసు లాంటివి. కరెంటు సంస్థ అనుకున్న ధర కన్న ఎక్కువ పెట్టి బొగ్గు గానీ, కరెంటు గానీ కొంటే, ఆ తేడా తరువాత మన బిల్లులో వేస్తారు. పోయిన ఏళ్ల తేడాను కూడా ఇప్పుడు వసూలు చేస్తారు. దీన్నే "ట్రూ అప్" అని పేపర్లలో రాస్తారు.

"అంటే ఎప్పుడో తిన్న అన్నానికి ఇప్పుడు డబ్బు కట్టమన్నట్టు" అన్నది అత్త. అందరూ నవ్వారు.

తరువాత పొదుపు మాట వచ్చింది. కందిపప్పు నానబెట్టి ఉడికిస్తే మంట తక్కువ పడుతుంది. గిన్నె మీద మూత పెట్టాలి. అన్నం సగం ఉడికాక గిన్నె దించి, గడ్డి పరిచిన గంపలో పెట్టి గోనెసంచి కప్పితే మిగతా సగం ఆ వేడికే ఉడుకుతుంది. ఇది అత్త చెప్పింది. ఆమె అత్త ఆమెకు చెప్పిందట. టీవీ రిమోటుతో ఆపి ఊరుకోకుండా గోడ దగ్గర స్విచ్చి తీయాలి. ఇది కోడలు చెప్పింది.

"ఫ్యాను మాటేమిటి?" అన్నది ఒకామె. "రేకుల ఇల్లు. రాత్రి రెండు గంటలకు కూడా సెగే. ఫ్యాను ఆపితే పసివాడు నిద్ర పోడు."

పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. ఇప్పుడు 30 వాట్లకే తిరిగే ఫ్యాన్లు వచ్చాయి. నెలకు 11 యూనిట్లు కూడా కాదు. కానీ కొనే ధర పాత రకం కన్న బాగా ఎక్కువ. ఒక్కసారి అంత పెట్టగలిగిన ఇంటికి నెల నెలా మిగులుతుంది. పెట్టలేని ఇల్లు నెల నెలా ఎక్కువ కడుతుంది. పొదుపు చేయండి అని రేకుల ఇంటికి చెప్పడం తేలిక. ఆ ఇల్లు ఇప్పటికే తక్కువ వాడుతున్నది.

కరెంటు ఎక్కడి నుంచి వస్తున్నది?

తీగ ఊరి బయట స్తంభం నుంచి వస్తుంది. ఆ స్తంభానికి? సబ్‌స్టేషన్ నుంచి. దానికి?

మన కరెంటులో పెద్ద భాగం బొగ్గుదే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి కరెంటు తీసే కేంద్రం ఉంది. దానికి నార్ల తాతారావు పేరు పెట్టారు. ఒక యూనిట్ కరెంటుకు అరకిలో పైన, ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది. ఆ లెక్కన 130 యూనిట్లంటే ఎనభై, తొంభై కిలోల బొగ్గు. మన కంటికి కనబడదు గానీ, అక్కడ కాలుతున్నది. బూడిద ఆ చుట్టుపక్కల ఊళ్ల మీద పడుతుంది. బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో చేరుతుంది. భూమి వేడెక్కుతుంది. మే నెలలో రేకు కింద ఫ్యాను ఆపలేకపోవడానికి అదీ ఒక కారణమే.

అందుకే బొగ్గు తగ్గించాలి. ఎండ, గాలి, నీరు వాడాలి. ఈ మాటలో తప్పు లేదు. కానీ ఎండకు, గాలికి, నీటికి కూడా ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడాలి.

సంఘంలో ఒకామె పుట్టిల్లు గోదావరి ఒడ్డున ముంపు ఊరు. పోలవరం ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన చేశారు. నీటి పారుదలతో పాటు అక్కడ 960 మెగావాట్ల కరెంటు కూడా తీయాలని ప్రణాళిక. నీటి కరెంటుకు పొగ రాదు. బూడిద రాదు. కానీ ఆ నీరు నిలవాలంటే ఊళ్లు ఖాళీ చేయాలి. సుమారు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. వారిలో సగం దాకా కోయలు, కొండరెడ్లు. కొందరికి జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలోనూ, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల్లోనూ కాలనీలు కట్టారు. అవి ద్వారకా తిరుమలకు దూరం కాదు.

ఆమె ఇలా చెప్పింది. "మా అమ్మకు కాలనీలో సిమెంటు ఇల్లు ఇచ్చారు. కరెంటు ఉంది. కానీ అక్కడ ఏరు లేదు, కట్టె లేదు. మా ఊళ్లో పుల్లలు కొనడం ఎరగం. చింతపండు కొనడం ఎరగం. ఇక్కడ పొద్దున లేస్తే అన్నీ కొనాలి. కొనడానికి పని లేదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో సంగతి పేపర్లలో వచ్చింది. దాన్ని కోడలు ఇలా చెప్పింది. "మన సంఘం ఒక పాల కేంద్రంతో ఒప్పందం రాసుకున్నదనుకోండి. లీటరు ఇంత అని ఇరవై ఐదేళ్లకు. రెండేళ్లకే బయట పాల ధర సగమైపోయింది. మనం అదే ధర కట్టాలా, వద్దా?"

"కాగితం రాసుకున్నాం గదా, కట్టాలి" అన్నది ఒకామె.

"అంత ఎక్కువ ధరకు ఎవరు రాశారో ముందు వాళ్లను అడగాలి" అన్నది ఇంకొకామె.

సరిగ్గా ఇదే గొడవ రాష్ట్రంలో జరిగింది. రాయలసీమలో గాలిమరలు, సోలారు పలకలు పెట్టిన కంపెనీలతో కరెంటు సంస్థలు పాతికేళ్ల ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ తరువాత సోలారు కరెంటు చాలా చౌక అయింది. 2017లో రాజస్థాన్‌లో యూనిట్ 2 రూపాయల 44 పైసలకు ఇవ్వడానికి కంపెనీలు ముందుకు వచ్చాయి. 2019లో కొత్తగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధర తగ్గించమన్నది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. ఒప్పందం ప్రకారమే డబ్బు చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. ఇందులో ఏ పార్టీది తప్పు అని సంఘంలో పెద్ద వాదన అయింది. అది తెమలలేదు. కానీ ఒక సంగతి మాత్రం అందరికీ తెలిసింది. ఆ ఒప్పందాల మీద సంతకం పెట్టేటప్పుడు ఈ ఊరిని ఎవరూ అడగలేదు. డబ్బు మాత్రం ఈ బిల్లులోంచే పోతుంది.

కరెంటు ధర చిన్న విషయం కాదు. 1999లో పాత విద్యుత్ బోర్డును విడదీశారు. 2000లో ధరలు బాగా పెంచారు. రాష్ట్రమంతా ఆందోళన లేచింది. ఆడవాళ్లు కూడా రోడ్డు మీదికి వచ్చారు. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మెట్ట రైతుకు అది పెద్ద ఊరట. అయితే బోర్లు మరింత లోతుకు దిగాయి. ఒక బోరు ఎండితే దాని పక్కన ఇంకొకటి వేశారు. కింద కొల్లేరు వైపు చేపల, రొయ్యల చెరువులకు కూడా తక్కువ ధరకు కరెంటు ఇచ్చారు. రాత్రంతా చెరువులో గాలి చక్రాలు తిరగాలి గదా. ఎవరికి ఉచితం, ఎవరికి తక్కువ, ఎవరికి పూర్తి ధర అనేది మీటరు తేల్చదు. అది రాజకీయం తేలుస్తుంది.

ఎండ ఎవరిది?

ఎండ మాత్రం మన మెట్టలో కావలసినంత. 2002లో పెద తిరుపతి కొండ మీద అద్దాల గొడుగులు పెట్టి, ఎండ వేడితో ఆవిరి పుట్టించి, వేల మందికి అన్నం వండే ఏర్పాటు చేశారు. ఆ మాట విని చిన తిరుపతికి దగ్గరగా ఉన్న ఈ ఆడవాళ్లు ముక్కున వేలు వేసుకున్నారు.

ఇంటి కప్పు మీద సోలారు పలకలు పెట్టుకోవడానికి 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం "సూర్యఘర్" పథకం ప్రారంభించింది. ఒక కిలోవాటు పలకలకు నీడ పడని వంద చదరపు అడుగుల కప్పు కావాలి. అవి రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే నెలకు 120. మన కోడలి ఇంటికి దాదాపు సరిపోతాయి. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడింటికీ ఆ పైనా 78 వేల రూపాయలు సబ్సిడీ. మిగతాది ఇంటివారు పెట్టాలి. కావాలంటే బ్యాంకు అప్పు ఇస్తుంది. పగలు మిగిలిన కరెంటు తీగలోకి పోతుంది. రాత్రి తీగలోంచి మనం తీసుకుంటాం. మీటరు రెండూ లెక్క కడుతుంది.

"మరి మాది రేకుల ఇల్లు గదా?" అన్నది ఫ్యాను మాట చెప్పిన ఆమె.

"మాది అద్దె ఇల్లు" అన్నది ఇంకొకామె.

"మాది డాబాయే. కానీ ఇల్లు మామగారి పేరున ఉంది. మీటరు ఆయన పేరున ఉంది. ఆయన పోయి ఏడేళ్లయింది" అన్నది చివరింటి ఆమె.

ఆ రాత్రి తేలిన అసలు సంగతి ఇది. పదిమందిలో సొంత డాబా, సొంత పేరున మీటరు, చేతిలో కొంత డబ్బు మూడూ ఉన్నవారు ఇద్దరే. ఎండ పదిమంది ఇళ్ల మీదా పడుతున్నది. పథకం రెండిళ్లకే సరిపోతున్నది. మీ సంఘంలో ఎంతమంది ఉన్నారు? లెక్క పెట్టి చూడండి.

"ఇక మనం చేసేదేముంది?" అన్నారు కొందరు. లేవబోయారు.

కోడలు ఆగమన్నది. ఏటా కొత్త ధరలు పెట్టే ముందు విద్యుత్ నియంత్రణ మండలి పేపర్లో ప్రకటన వేయిస్తుంది. ఎవరైనా తమ అభ్యంతరం రాసి పంపవచ్చు. ఫలానా వారే పంపాలని లేదు. విచారణ రోజున మాట్లాడవచ్చు కూడా. పెద్ద పెద్ద పరిశ్రమల వాళ్లు ఏటా లాయర్లను పెట్టి రాయిస్తారు. ఊళ్ల నుంచి రాసేవారు తక్కువ.

"మన తెలుగులో రాస్తే చదువుతారా?" అని అడిగింది అత్త.

"తెలుగులోనే రాద్దాం" అన్నది కోడలు.

లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపారు. ఒకామె చెప్పింది, ఒకామె రాసింది, ఒకామె తప్పులు చూసింది. కొట్టివేతలతో కాగితం నిండిపోయింది. ఇంకొక కాగితం తీసుకున్నారు. చివరికి ఇలా తయారైంది.

"విద్యుత్ నియంత్రణ మండలి కార్యదర్శి గారికి నమస్కారం. మేము ద్వారకా తిరుమల మండలంలో పొదుపు సంఘం సభ్యులం. మా ఇళ్లలో నెలకు నూటికి అటు ఇటుగా యూనిట్లు వాడతాం. మా బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీ అని వేస్తున్నారు. అది ఏ నెల వాడకానికి, ఎందుకు వేశారో బిల్లు మీదనే తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. సొంత డాబా లేనివారు, అద్దె ఇళ్లవారు ఎండ కరెంటు వాడుకునే దారి చూపాలి. బడి కప్పు, పంచాయతీ కప్పు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద పలకలు పెట్టి ఆ కరెంటు మా మీటర్లలో లెక్క కట్టడం కుదురుతుందా, కుదరదా చెప్పాలి. తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాన్లు బల్బుల లాగా తక్కువ ధరకు ఇప్పించాలి."

కింద పదిమంది సంతకాలు పెట్టారు. చివరింటి ఆమె మీటరు పేరు మార్పిడి కోసం విడిగా ఇంకొక అర్జీ రాసుకున్నది. దానికి ఇంటి కాగితం, ఆధార్ నకలు, మామగారి మరణ ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం ఇంట్లో ఎక్కడ ఉందో రేపు వెతుకుతానన్నది.

అత్త అన్నిటికన్న చివర సంతకం చేసింది. చేసి, కాగితం మళ్లీ దగ్గరకు లాక్కున్నది.

"ఇందులో ఊక మాట రాయలేదేం?" అన్నది.

"అది కరెంటు బిల్లులో లేదు గదా అత్తయ్యా."

"బిల్లులో లేకపోతే ఏం? మా చెల్లెలు గూడెం దగ్గర మిల్లు వెనక ఊక ఎత్తి నలుగురు పిల్లలకు వండి పెట్టింది. అది కరెంటుగా మారితే ఆమెకేం వచ్చిందో అడగండి. ఒక్క వాక్యం రాయి."

కోడలు కాగితం అంచున మిగిలిన చోట ఆ వాక్యం రాసింది. అక్షరాలు చిన్నవి చేసి ఇరికించవలసి వచ్చింది. ఉదయం ద్వారకా తిరుమల వెళ్లే ఆటోలో ఆమె పోస్టాఫీసుకు బయలుదేరింది. రిజిస్టరు పోస్టు చేసి, రశీదును లెక్కల పుస్తకానికి గుండుసూదితో గుచ్చింది.